ఇరుసు కింది లాంతరు

భాగమ్మ గడపకు అడ్డంగా కూర్చుని గంట దాటింది. లోపల మొగులమ్మ నిలబడే ఉంది. కొంగున అర్జీ కాగితం, చంకన గుడ్డమూట. బయటికి పోవాలంటే అత్తను దాటాలి. కూర్చున్న అత్తను దాటిపోవడమన్నది ఆ ఇంట్లో ఏ కోడలూ ఇంతవరకు చేయలేదు.

"రైలు యాళ్లయితున్నది అత్తా. జర జరుగు," అంది మొగులమ్మ. ఆ మాట అనడం అయిదోసారో, ఆరోసారో.

భాగమ్మ జరగలేదు. మొదట ఎండ సంగతి చెప్పింది. తరువాత రైల్లో మంది సంగతి చెప్పింది. రెండూ పారకపోయేసరికి మంగళవారం సంగతి ఎత్తుకుంది. మంగళవారం నాడు ఇంటి ఆడది కాగితం పట్టుకుని గడప దాటితే ఇంటికి అరిష్టమట. అలాంటి పట్టింపు ఒకటి ఉందని ఆ పొద్దుటిదాకా ఆమెకూ తెలియదు.

బయట అరుగు మీద జంగప్ప కాళ్లకు పట్టీలు చుట్టుకుంటున్నాడు. భాగమ్మకు చిన్న కొడుకు, మొగులమ్మకు మరిది, తాండూరు ఠాణాలో జవాను. నిజాం మీద పోలీసు చర్య జరిగిన మరుసటి ఏడు దొరికిన నౌకరీ అది. పదేళ్లుగా కళ్లు మూసుకుని చుట్టుకునే పట్టీలను ఆ పొద్దున మూడుసార్లు చుట్టి మూడుసార్లు విప్పాడు. లోపలి మాటలన్నీ వినబడుతున్నాయి. వినబడనట్టు కూర్చోవడం ఏడు నెలలుగా అతనికి బాగా అబ్బింది.

శాసనసభ నుంచి ఒక కమిటీ జిల్లాలు తిరుగుతోంది. పోలీసు శాఖను ఎట్లా బాగుచేయాలి, రోడ్ల మీది చట్టాలను ఎట్లా మార్చాలి అని జనాన్నే అడిగి రాసుకుంటుందట. ఈ రోజు వికారాబాదు డాక్ బంగళాలో కూర్చుంటోంది. ఎవరైనా వచ్చి చెప్పుకోవచ్చని పది రోజుల కిందట తాండూరు బజారులో చాటింపు వేశారు. పోలీసుల మీద ఫిర్యాదులుంటే చెప్పుకోండి అని పోలీసుల చేతనే చాటించడం ఎవరి తెలివో గాని, డప్పు వెంట నడిచి ఆ మాట వీధి వీధినా అరిచినవాడు జంగప్పే. వాళ్ల వీధిలో అరిచినప్పుడు మొగులమ్మ వాకిట్లో జొన్నలు చెరుగుతూ ఉంది. చాట కింద పెట్టి చివరిదాకా విన్నది. మర్నాడే మిషన్ బడి పంతులు యోహాను దగ్గరికి పోయి అర్జీ రాయించుకుంది.

అర్జీలో ఉన్నది ఒకటే మాట. నా పెనిమిటి శంకరప్ప బండికి లాంతరు ఉంది, దాన్ని మాయం చేసి లేదని రాసినవాడు జమేదార్ ముర్తుజా, అని.

లాంతరు ఉన్నమాట నిజం. ముర్తుజా మాయం చేశాడన్నది అబద్ధం. ఆ సంగతి ఆ ఇంట్లో ఇద్దరికి తెలుసు. ఒకరు గడపలో కూర్చున్నారు, ఒకరు అరుగు మీద కూర్చున్నారు.

దసరా పోయిన నాలుగో రోజు తెల్లవారుజామున శంకరప్ప కరణ్‌కోట గనుల్లో నాపరాళ్లు ఎత్తుకుని తాండూరు స్టేషనుకు బండి తోలుకొస్తున్నాడు. ఎదురుగా వచ్చిన లారీ ఎడ్ల పక్కన నడుస్తున్న అతన్నీ, కుడివైపు ఎద్దునూ కొట్టి, పోయి గట్టుకు ఆగింది. రాళ్ల బరువుకు బండి మాత్రం కదలలేదు. కబురు అందగానే ఠాణా నుంచి ఒక జవానును ముందుగా తరిమారు. మేం వచ్చేదాకా పహరా ఉండు, ఎవరినీ ఏదీ ముట్టనీయకు అని చెప్పి పంపారు. ఆ జవాను జంగప్ప. చచ్చిపోయినవాడు ఎవరన్నది ఠాణాలో అప్పటికి ఎవరికీ తెలియదు. అతనికి అక్కడికి పోయాకే తెలిసింది.

భాగమ్మ చేలకు అడ్డంబడి వచ్చింది. ఏడ్చింది. శవాన్ని కోతకు వికారాబాదు తీసుకుపోతారని, ఇంటికి తేనీయరని జంగప్ప చెప్పినప్పుడు ఏడుపు ఆపింది. ఆమె పుట్టింటి వాళ్లది బొంరాస్‌పేట వైపు. ఇంటి బయట ప్రాణం పోతే, ఆ పోయినచోట వెలుగుతున్న దీపాన్ని ఆరిపోకుండా ఇంటికి తెచ్చి, దాంతో ఇంట్లో ప్రమిద ముట్టించాలి. లేకపోతే పోయినవాడికి ఇల్లు దొరకదు, దారిలోనే ఉండిపోతాడు. అది వాళ్ల పద్ధతి. బండి ఇరుసు కింద లాంతరు ఇంకా వెలుగుతూనే ఉంది.

"పీనుగు ఇంటికి రాకపాయె. దీపమన్న తీస్కపోత, ఇయ్యి కొడుకా," అని అడిగింది.

ఎవరినీ ఏదీ ముట్టనీయవద్దని నిలబెట్టిన జవాను తన చేత్తోనే లాంతరు విప్పి తల్లి చేతికిచ్చాడు. ఆ క్షణాన అతను జవాను కాడు. అన్న శవం ముందు నిలబడ్డ తమ్ముడు. ఆ మాట ఏ చట్టంలోనూ రాసి ఉండదు.

తెల్లగా తెల్లవారాక ఠాణా పెద్ద అమీను వచ్చాడు, సాక్ష్యానికి ఇద్దరు పంచులను పిలిపించాడు. జమేదార్ ముర్తుజా కాగితం మోకాలి మీద పెట్టుకుని పంచనామా రాశాడు. బండికి లాంతరు లేదు. కళ్లకు కనబడిందే రాశాడు. రోడ్డు చట్టం ప్రకారం చీకట్లో దీపం లేని బండిదే తప్పు. ఆ ఒక్క ముక్కతో కోర్టులో లారీ డ్రైవరు చేతులు దులుపుకుని ఇంటికి పోయాడు. చచ్చినవాడు నేరస్థుడయ్యాడు.

పంచనామా సంగతి తెలిశాక భాగమ్మ లాంతరును దాచేసింది; పండుగ మర్నాడు పుట్టింటికి పోయిన మొగులమ్మ అప్పటికి ఇంకా రాలేదు. జంగప్ప ఆ రోజే చెబుదామనుకున్నాడు. ఆ రోజు నోరు పెగలలేదు. మర్నాడు చెబుదామనుకున్నాడు. పదకొండో రోజు అయ్యాక అనుకున్నాడు. చెబితే పహరా ఉన్న జవానే సాక్ష్యం చెరిపాడని నౌకరీ పోతుంది. ఆ నౌకరీ మీద తల్లి, వదిన, భార్య రాధమ్మ, ముగ్గురు పిల్లలు తింటున్నారు. చెప్పకపోతే అన్న మీద తప్పు అట్లాగే ఉండిపోతుంది. ఈ రెండింటి మధ్య ఏడు నెలలు నలిగాడు పాపం. నలిగాడని జాలిపడవచ్చు, కాని ఆ ఏడు నెలలూ వదిన వీధిలో పడి ముర్తుజాను తిడుతుంటే ఆపలేదన్నది కూడా నిజమే.

లోపల మాటలు ముదిరాయి. శాసనసభ పెద్దల ముందు నువ్వేం మాట్లాడతావు, వాళ్ల మాట నీకు తెలియదు, నీ మాట వాళ్లకు తెలియదు అని భాగమ్మ అంటోంది. ఆఖరికి అసలు మాట బయటపెట్టింది.

"పోయినోడు ఎట్లా రాడు. ఉన్నది పోగొట్టుకునుడు ఎందుకే? ఇంట్ల ఉన్నోళ్లను చూస్కో."

"ఇంట్ల ఏమున్నదో నాకు ఎరుకనే అత్తా," అంది మొగులమ్మ.

గొంతు పెంచలేదు. భాగమ్మ తల తిప్పి కోడలి ముఖంలోకి చూసింది. అక్కడ ఏమీ కనబడలేదు.

మొగులమ్మ వెనక్కి తిరిగింది. కొట్టం వైపు తలుపు తీసింది. శంకరప్ప పోయిననాటి నుంచి ఇంట్లోంచి ఆ తలుపు తీసినవారు లేరు, ఎద్దుకు మేత కూడా పెరటి వైపు నుంచే. జంట పోయిన ఎద్దు ఒకటి కట్టుకొయ్య దగ్గర పడుకుని ఉంది, ఆమెను చూసి లేచింది. దాని పక్కనుంచి నడిచి, పెరడు దాటి వీధిలోకి వచ్చింది. అత్తను దాటలేదు. భాగమ్మ ఖాళీ ఇంటికి అడ్డంగా గడపలో అట్లాగే కూర్చుని ఉంది.

జంగప్ప లేచి లాఠీ అందుకున్నాడు. డాక్ బంగళా దగ్గర బందోబస్తుకు ఠాణా నుంచి వేసిన ముగ్గురిలో అతనొకడు. రాధమ్మ జొన్నరొట్టెల మూట చేతికిచ్చింది. తల్లి అతని చెయ్యి పట్టుకుంది.

"నోరు తెరవకు కొడుకా. నీకు ముగ్గురు పిల్లలు."

"తెల్వదా అవ్వా," అన్నాడు తల్లితో. చెయ్యి మెల్లగా విడిపించుకున్నాడు.

స్టేషను దాకా వదిన ముందు, అతను పది అడుగుల వెనక నడిచారు. అన్న ఉన్నన్నాళ్లూ ఈమె మరిదితో మాట్లాడకుండా నాలుగడుగులు వేసింది లేదు. ఠాణాలో ఇయ్యాల ఎవరిని కొట్టినవ్ అని ఏడిపించేది, రొట్టెకు ఇంకొంచెం కారం వేసేది. ఆ దారిలో ఒక్కటే అడిగింది, అదీ వెనక్కి తిరగకుండా. నువ్వు బయట ఉంటావా, లోపల ఉంటావా అని. లోపల, తలుపు దగ్గర అన్నాడు. మంచిది అంది. ఎందుకు మంచిదో జంగప్ప అడగలేదు.

మూడో తరగతి పెట్టెలో కిటికీ దగ్గర చోటు దొరికింది. మొగులమ్మ మూట ఒళ్లో పెట్టుకుని రెండు చేతులూ దాని మీద వేసింది. జంగప్ప ఎదురుగా కూర్చున్నాడు. పెట్టెలో ఎక్కడో దీపాల్లో పోసే గ్యాసునూనె వాసన వస్తోంది. రైలు దీపాలది కాబోలు అనుకున్నాడు.

బండి కదలబోతుండగా ముర్తుజా ఎక్కాడు. యాభై దాటిన మనిషి, నెరిసిన గడ్డం, చంకలో ఎర్ర తాడు కట్టిన ఫైలు. తాండూరు ఠాణా కాగితాలు కమిటీకి చూపించడానికి ఆయనను పిలిచారు. ఇంకో ఏడాదిన్నరకు పింఛను. లోపలికి రెండడుగులు వేసి మొగులమ్మను చూశాడు, ఆగిపోయాడు. ఆమె ఆయన ఇంటి ముందు నిలబడి తిట్టినప్పుడు ఆయన భార్య ఖుర్షీదా తలుపు వేసుకుని ఏడ్చిందని తాండూరు అంతా తెలుసు. ఆయన మాత్రం అరుగు మీద కూర్చుని, ఆమె అలిసిపోయేదాకా విని, తాగడానికి నీళ్లు పంపించాడు. ఆమె ఆ చెంబు తన్నేసింది.

ముర్తుజా వేరే పెట్టెకు పోదామని వెనక్కి తిరిగాడు.

"ఈడ జాగున్నది సాబ్. కూసో," అంది మొగులమ్మ.

ఆయన విన్నాడో లేదో అన్నట్టు నిలబడ్డాడు. ఆమె మూటను ఇంకాస్త ఒళ్లోకి లాక్కుని పక్కకు జరిగింది. ముర్తుజా అంచు మీద కూర్చుని ఫైలు మోకాళ్ల మీద పెట్టుకున్నాడు. ముగ్గురూ అట్లా కూర్చున్నారు.  కిటికీ బయట ఎండిపోయిన కందిచేలు, రాళ్ల గట్లు పోతున్నాయి. వదిన ఇంత మెత్తబడటం జంగప్పకు నచ్చలేదు. తిట్టే మనిషి తిట్టకపోతే ఏం చేయబోతున్నదో తెలియదు.

ధారూరులో బండి ఆగితే ముర్తుజా నీళ్లకు దిగాడు. జంగప్ప వెనకాలే దిగాడు. ఎందుకు దిగాడో అతనికే తెలియదు. కుళాయి దగ్గర ముసలాయన ముఖం కడుక్కుని, రుమాలుతో తుడుచుకుని, అటూ ఇటూ చూశాడు.

వదిన అర్జీలో తన పేరున్న సంగతి తెలుసునని చెప్పాడు. ఫికరు లేదన్నాడు. ఆమె బాధ ఆమెది, ఎవరినో ఒకరిని తిట్టుకోకుండా ఎట్లా బతుకుతుంది అన్నాడు. పింఛను ముందర ఇట్లాంటి మచ్చ పడితే పై అధికారులు ఏం చేస్తారో తనకు తెలుసునని, అయినా అల్లా చూసుకుంటాడని అన్నాడు. ఇవన్నీ మామూలుగానే చెప్పాడు. తరువాత గొంతు తగ్గించాడు.

"ఇరుసుకు కట్టిన తీగ ఉన్నది గదా జంగప్పా. దాని కింద మట్టి తడిగుండె. ముట్టుకొని వాసన చూసిన. గ్యాసునూనె."

జంగప్ప చేతిలోని చెంబు నిండి నీళ్లు పాదాల మీద కారుతున్నాయి.

"లాంతరు ఉండెనని నాకు అప్పుడే ఎరుక. పహరా ఎవరున్నరో గూడ ఎరుక. అయినా నిన్ను అడగలే. అడిగితే నువ్వు చెప్తుంటివి. నువ్వు చెప్తే నేను రాయాలె." ముర్తుజా రుమాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. "అన్న పీనుగు ముందర నిలబడ్డ పోరన్ని అడగ బుద్ధి కాలే, బేటా. అది నా తప్పు."

ఇంజను కూత వేసింది. ముసలాయన ముందుకు నడిచాడు. జంగప్ప చెంబు పట్టుకుని కుళాయి దగ్గరే ఉండిపోయాడు. ఏడు నెలలుగా ఈ మనిషి తిట్లు తిన్నది తెలియక కాదు, తెలిసి. అంతకంటే ముసలాయన తనను నాలుగు తన్ని ఉంటే బాగుండేది. కదిలే బండి వెంట పరుగెత్తి, కమ్మీ పట్టుకుని ఎక్కాడు.

డాక్ బంగళా హాల్లో పొడుగాటి బల్ల, దాని వెనక ఏడుగురు సభ్యులు. నడుమ కూర్చున్న అధ్యక్షుడు కళ్లద్దాల పెద్దాయన, మాటను బట్టి కోస్తా మనిషి. బల్ల కొసన రాసుకునే గుమాస్తా. గోడ పక్కన కుర్చీలో జిల్లా పోలీసు అధికారి. ఆయన అక్కడ ఉండగా పోలీసుల మీద ఫిర్యాదులు ధైర్యంగా చెప్పుకోవాలన్నమాట. జంగప్ప లోపలి తలుపు దగ్గర లాఠీతో నిలబడ్డాడు. ముర్తుజా ఫైలుతో వెనక బెంచీ మీద కూర్చున్నాడు.

పొద్దుటి నుంచి వకీళ్లూ వర్తకులూ మాట్లాడారు. జవాన్లకు నిక్కర్లు ఉంచాలా, పంట్లాములు ఇవ్వాలా అన్నదాని మీద ఒక వకీలు అరగంట చదివాడు. బస్సు డ్రైవర్లు బజారులో హారను కొట్టకుండా చట్టం చేయాలని ఒక షావుకారు కోరాడు. సభ్యులు తలలూపారు, గుమాస్తా రాశాడు, బంట్రోతు నిమ్మకాయ నీళ్లు తెచ్చిచ్చాడు. తాండూరు మొగులమ్మ అని పిలిచేసరికి మధ్యాహ్నం దాటింది.

ఆమె బల్ల ముందుకు వచ్చి నిలబడింది. అధ్యక్షుడు కూర్చోమంటే కూర్చోలేదు. ఆయన అర్జీ మొత్తం చదువుకుని అద్దాలు తీశాడు.

"అమ్మా, మీకు జరిగింది చాలా కష్టం. కాని ఈ కమిటీ కేసులు విచారించదు. కోర్టు తీర్పు మేం మార్చలేం. చట్టంలో ఏం లోపం ఉందో వినడానికే వచ్చాం."

మొగులమ్మ ఏడు నెలలు మోసిన మాటకు వచ్చిన జవాబు అది. తలుపు దగ్గర జంగప్ప ఊపిరి వదిలాడు. ఊపిరి తేలికపడ్డందుకు వెంటనే సిగ్గుపడ్డాడు.

మొగులమ్మ గుమాస్తా రాస్తున్న కాగితం వైపు చూసింది. "మీరు రాస్కున్నది ఏమైతది సార్?"

అచ్చు వేసి శాసనసభలో పెడతామని, రాష్ట్రమంతా చదువుతుందని ఆయన చెప్పాడు.

"అట్లయితే శంకరప్ప బండికి లాంతరు ఉండెనని అచ్చెయ్యుండ్రి. నాకు గంతే కావాలె."

ఒక సభ్యుడు దగ్గాడు. పంచనామాలో లేదని ఉంది కదా, ఉందనడానికి రుజువేమిటని అడిగాడు. బండ్లకు లాంతరు తప్పనిసరిగానే ఉంచడమా, వెనక ఎర్ర బిళ్ల చాలా అన్న విషయం ఇక్కడే చర్చకు వస్తుందని పక్కాయనతో అన్నాడు కూడా. మొగులమ్మ అదేమీ వినలేదు. మూట బల్ల మీద పెట్టి ముడి విప్పింది.

లాంతరు. గాజు మీద మసి, పట్టుకునే తీగకు ఎర్ర గుడ్డపేలిక. దసరా పూజనాడు మొగులమ్మ కట్టిన పేలిక. గ్యాసునూనె వాసన తలుపు దాకా వచ్చింది. రైల్లో వచ్చిన వాసనే. 

"ముందుగాల ఒక మాట రాస్కోండ్రి," అంది మొగులమ్మ. "అర్జీల జమేదార్ సాబ్ పేరున్నది. అది కొట్టెయ్యుండ్రి. ఏడు నెల్ల సంది ఆయన ఇంటి ముందు నిలబడి దొంగ అన్న. ఆయన దొంగ గాదు. నన్ను అననిచ్చినోళ్లు వేరే ఉన్నరు."

వెనక బెంచీ మీద ముర్తుజా తల వంచుకున్నాడు.

ఇది ఎక్కడ దొరికిందని అధ్యక్షుడు అడిగాడు.

"ఇయ్యాల పొద్దుగాల, జొన్నలు తీస్తుంటే గుమ్మి అడుగుల."

"ఎవరి ఇంట్లో అమ్మా?"

"మా ఇంట్లనే."

హాల్లో కుర్చీలు కదిలాయి. పోలీసు అధికారి మొదటిసారి నిటారుగా కూర్చున్నాడు. మీ ఇంట్లోకి ఎట్లా వచ్చిందని పెద్దాయన అడిగాడు.  మొగులమ్మ తలుపు వైపు తిరుగుతుందని జంగప్ప ఎదురుచూశాడు. తిరగలేదు. ఒక్కసారైనా చూడలేదు.

"ఎట్ల వచ్చిందో ఎరుకైనోడు గీడనే ఉన్నడు. నేను పేరు చెప్ప సార్. ఆయన అన్నం నేను తింటున్న, ఆయన పిల్లలను నేను ఎత్తుకున్న. ఆయన చెప్తే రాస్కోండ్రి. చెప్పకుంటే నా అర్జీ వాపసియ్యుండ్రి, నేను పోత."

 బయట గుర్రబ్బండి ఏదో ఆగిన చప్పుడు వినబడింది. జంగప్పకు రాధమ్మ ఇచ్చిన రొట్టెల మూట గుర్తొచ్చింది. అది ఇంకా విప్పలేదు. పెద్ద పిల్లను ఈ ఏడే బడిలో వేశాడు. అవ్వ గడపలోనే కూర్చుని ఉంటుంది. 

అప్పుడు ముర్తుజా లేచాడు. ఫైలు బెంచీ మీద పెట్టి, మోకాళ్లు పట్టుకుని నిలబడ్డాడు.

"హుజూర్, పంచనామా రాసింది నేనే. లాంతరు సరిగ్గ వెతకలే. పొరపాటు నాది. నా పేరు మీద రాస్కోండి."

అధ్యక్షుడు నమ్మినట్టు లేడు. కాని చెప్పిన మాట చెప్పినట్టు రాయాలి కనుక గుమాస్తాకు సైగ చేశాడు. గుమాస్తా కలం సిరాలో ముంచి, ముర్తుజా పేరు అడిగి, మొదటి అక్షరం దిద్దాడు.

జంగప్ప లాఠీని గోడకు ఆనించాడు. అది జారి పెద్ద చప్పుడుతో కింద పడింది. అందరూ ఇటు తిరిగారు. అతను దాన్ని తీయలేదు. తలుపు విడిచి నడిచాడు. పహరా తప్పడం అతనికి ఇది రెండోసారి. బల్ల దగ్గరికి వచ్చి వదిన పక్కన నిలబడ్డాడు.

"ఎవరు నువ్వు?" అన్నాడు అధ్యక్షుడు.

పై అధికారి నువ్వెవరని అడిగితే జవాను నంబరు చెప్పాలి. పదేళ్లుగా అతను చెప్పింది అదే. ఛాతీ మీద ఇత్తడి బిళ్లపైన కూడా అదే ఉంది, నాలుగు వందల పన్నెండు.

"శంకరప్ప తమ్ముణ్ణి సార్," అన్నాడు.

మొగులమ్మ అప్పుడు చూసింది అతని వైపు. ఆ చూపులో క్షమ లేదు. కాని రైల్లో ఉన్న ఆ బిగువు కూడా లేదు.

పోలీసు అధికారి కుర్చీలోంచి లేచాడు. డిపార్ట్‌మెంటు అనుమతి లేకుండా జవాను కమిటీ ముందు మాట్లాడటానికి వీల్లేదని అధ్యక్షుడితో మర్యాదగా చెప్పాడు. ఇటు తిరిగేసరికి ఆ మర్యాద పోయింది.

"ఫోర్ ట్వెల్వ్, బయటికి నడు."

జంగప్ప కదలలేదు. పట్టీ ఒకటి వదులై మడమ మీదికి జారింది. ముర్తుజా వెనక నుంచి వద్దు బేటా అని మెల్లగా అంటున్నాడు. అధ్యక్షుడు అద్దాలు పెట్టుకుని, అధికారిని చూసి, జవానును చూసి, ఇది అచ్చులోకి పోతుంది, ఇప్పటికైనా వెనక్కి పోవచ్చు అన్నాడు. అది దయగానే అన్నాడు.

"ఆ దినం బండికాడ పహరా ఉన్నది నేనే సార్," అన్నాడు జంగప్ప. "ఆయన పేరు కొట్టెయ్యుండ్రి. నా చేతులతోని నేనే విప్పి మా అవ్వకిచ్చిన. నేను పోయేసరికి లాంతరు వెలుగుతుండె."

గుమాస్తా కలం ఎత్తి పెద్దాయన ముఖం వైపు చూశాడు. పెద్దాయన బల్ల మీది లాంతరు వైపు చూస్తున్నాడు.